జాబితాలో లేని పేరు

"ఆ ఉత్తరం ఎక్కడ పెట్టావు?"

డొమినిక్ ఆ మాట అడగడం ఆ ఉదయం ఇది మూడోసారి. అగాత్ పెనం మీద రొట్టె తిప్పుతూ వెనక్కి చూడలేదు.

"చెప్పాను కదా, నా దగ్గరుందని."

"పదింటికి టపా బండి వస్తుంది. అందులో తిప్పి పంపించెయ్. ఇంట్లో వీలుపడదని రెండు ముక్కలు రాస్తే చాలు."

"ఎందుకు వీలుపడదు? సోమవారం ఒక్కరోజు. పొద్దున్న ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఏడింటిదాకా. సూపు కాచి పెట్టే వెళ్తాను."

"నేను సూపు గురించి మాట్లాడుతున్నానా?"

అగాత్ రొట్టె దించి మూత పెట్టింది. సోమవారం పద్దెనిమిదో తారీఖు. దేశమంతా ఎన్నికలు. తెల్లవాళ్ళ సర్కారు తమ తెగకి గీసిచ్చిన ఈ రిజర్వులోని హాల్లో ఓట్ల పెట్టె పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టె పక్కన కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు పుస్తకంలో రాయడానికి ఒక గుమస్తా కావాలి. నాలుగురోడ్ల కూడలిలో కొట్టు నడిపే హాల్డేన్ గారిని పోలింగు అధికారిగా వేశారు. ఆయనకి అగాత్ దస్తూరీ తెలుసు. అందుకని ఆమె పేరు మీద ఉత్తరం వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే రభస.

"మన తెగ కౌన్సిల్లో లేచి నిలబడి నేనేం చెప్పానో ఊరంతా విన్నది. మనవాళ్ళెవరూ ఆ హాలు గడప తొక్కొద్దన్నాను. ఇప్పుడు పెట్టె వెనకాల కూర్చునేది నా పెళ్ళామా? కౌన్సిల్లో ఆ గేబ్రియల్ అప్పుడే నన్ను చూసి నవ్వడం మొదలెట్టాడు."

"గేబ్రియల్ అందర్నీ చూసి నవ్వుతాడు. వాడి పళ్ళే అంత."

కిటికీ దగ్గర కూర్చున్న అత్తగారు రోజలీ పెదవులు కదిలాయి. నవ్విందో లేదో తెలియలేదు. ముళ్ళపంది ముళ్ళు మెత్తబడడానికి నాలుగైదు ఎప్పుడూ నోట్లో పెట్టుకుని ఉంటుంది ఆవిడ. బిర్చి చెట్టు పట్టతో చేసిన పెట్టె మూత మీద వాటితో పువ్వులు కుడుతుంది. నోట్లో ముళ్ళుంటే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. డెబ్భై నాలుగేళ్ళ వయసులో ఆవిడకది బాగా పనికొస్తోంది.

"నవ్వులాట కాదు అగాత్."

"నేనూ నవ్వులాటకి అనడం లేదు. మన పిల్ల లూసీల్‌ని ఆరేళ్ళకే చట్టం పేరు చెప్పి దూరంగా సర్కారు బడికి తీసుకుపోయారు. ఇప్పుడు దానికి పన్నెండు. ఏడాదికి రెండు నెలలు నా కళ్ళముందు ఉంటుంది. ఆ చట్టం రాసినవాళ్ళు ఎవరు? నేనెప్పుడైనా వాళ్ళ మొహం చూశానా? ఓటు లేని గుమ్మం వాళ్ళకి కనపడదు. ఈ నెల్లో చూడు, ఓట్లడగడానికి మూడు కార్లొచ్చాయి."

"వచ్చి ఏం చేశారు? చేతులు కలిపి పోయారు."

"ఇన్నాళ్ళూ అదీ చెయ్యలేదుగా."

డొమినిక్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. కోపం వచ్చినప్పుడు అతను గొంతు పెంచడు, తగ్గిస్తాడు.

"అన్నయ్యకిచ్చారు ఓటు. దాంతోపాటు ఏం తీసుకున్నారో మరిచిపోయావా?"

మరిచిపోయేది కాదది. పాతికేళ్ళ క్రితం అతని అన్న ఆంబ్రోజ్ ఓటు హక్కు కావాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఓటు వచ్చింది. రిజర్వు మనుషుల పేర్లుండే సర్కారు ఏజెంటు పుస్తకంలోంచి అతని పేరూ, భార్య డెల్ఫీన్ పేరూ, ముగ్గురు పిల్లల పేర్లూ కొట్టేశారు. నువ్విప్పుడు పూర్తి పౌరుడివి, ఇక రిజర్వు మనిషివి కావు, నెలరోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. అప్పటినుంచీ అతను ఇరవై మైళ్ళ దూరంలో, కలప మిల్లున్న ఊళ్ళో ఉంటున్నాడు. కన్నతల్లి ఇంటికి చుట్టపుచూపుగా వస్తాడు.

"అప్పటి చట్టం వేరు," అంది అగాత్. "అప్పుడు ఓటు కావాలంటే మనం మనం కాకుండా పోవాలి. ఇప్పుడు అక్కర్లేదు. ఆ చట్టం మార్చి రెండేళ్ళయింది. ఆ కాగితం మూడుసార్లు చదివాను."

"కాగితాలు చదివేవాళ్ళని చూశాన్లే."

ఆ మాట అన్న తీరు కొత్తగా ఉంది. అందులో కోపం లేదు. అగాత్ తిరిగి చూసేలోపు అతను మొహం తిప్పుకున్నాడు.

"శనివారం అన్నయ్యని తీసుకొస్తాను. నా మాట వినవు కదా, ఆయన నోటితోనే విను. ఓటు తనకేం మిగిల్చిందో ఈ బల్ల దగ్గరే కూర్చుని చెప్తాడు. ఆ తర్వాత కూడా వెళ్తానంటే వెళ్ళు."

తలుపు మూసుకుంది. అత్తగారు నోట్లోంచి ఒక ముల్లు తీసి, వేలిగోటితో నొక్కి సాపు చేసి, మళ్ళీ పనిలో పడింది.

---

శనివారం మధ్యాహ్నం ఆంబ్రోజ్ తన పాత ట్రక్కులో వచ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి. మిల్లులో రెండు వేళ్ళు పోయాయి. గుమ్మం ముందు ఆగి బూట్లు శుభ్రంగా తుడుచుకున్నాడు. పుట్టిన ఇంటి ముందు అలా పరాయివాడిలా కాళ్ళు తుడుచుకోవడం చూస్తే అగాత్‌కి ప్రతిసారీ ఏదోలా ఉంటుంది.

"లోపలికి రండి బావగారూ. తుడిచిందంతా చాలు."

"అలవాటమ్మాయ్. మిల్లు బురద వదలదు."

వైట్‌ఫిష్, బంగాళాదుంపలు ఉడకబెట్టింది అగాత్. రొట్టె, టీ. నలుగురూ కూర్చున్నారు. సగం తినేదాకా వలల గురించీ, ఈ ఏడు నల్ల ఈగల గురించీ మాట్లాడుకున్నారు. చివరికి డొమినిక్ చెంచా పక్కన పెట్టాడు.

"అన్నయ్యా, నీకు చెప్పానుగా. ఈవిడ వినడం లేదు."

"ఆఁ." ఆంబ్రోజ్ రొట్టె తుంచుకున్నాడు. "ఏం చెప్పమంటావు?"

"జరిగింది చెప్పు."

"జరిగింది అందరికీ తెలుసు కదరా." కాసేపు నమిలాడు. "ఆరుసార్లు ఓటేశాను మరదలా. పందొమ్మిది వందల నలభైలో మొదటిది. నేనూ డెల్ఫీనూ కలిసి వెళ్ళేవాళ్ళం. అది మంచి టోపీ పెట్టుకునేది, చర్చికి పెట్టుకునేది. దానికదో సరదా. నాకు మాత్రం… ఆ కాగితం మడిచి పెట్టెలో వేసి బయటికొచ్చాక ఎటు వెళ్ళాలో తోచేది కాదు. అంతే."

"విన్నావా?" అన్నాడు డొమినిక్.

"విన్నాను. బావగారూ, మరి ఎందుకు పెట్టుకున్నారు దరఖాస్తు? ఓటు కోసమేనా?"

"ఓటెవడిక్కావాలి?" ఆంబ్రోజ్ నవ్వాడు. "పిల్లల కోసం. పెద్దాడికి ఏడేళ్ళు. సెప్టెంబర్లో బడి బండి వచ్చేది. పుస్తకంలో పేరు లేకపోతే బండి మన పిల్లల కోసం ఆగదని ఎవరో చెప్పారు. నిజమే, ఆగలేదు. ముగ్గురూ మా దగ్గరే పెరిగారు. దానికి మాత్రం నేనెప్పుడూ బాధపడలేదు."

అగాత్ చెయ్యి టీ కప్పు మీద ఆగిపోయింది. డొమినిక్ చెప్పించాలనుకున్నది ఇది కాదని అతని మొహమే చెప్తోంది.

"కానీ ఇల్లు వదలాల్సి వస్తుందని తెలీదు కదా నీకు," అన్నాడు అతను గబగబా. "అది చెప్పు."

"అది… తెలీదు."

"అదెలా బావగారూ?" అగాత్ నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "దరఖాస్తులో రాసి ఉండాలి కదా. మీకెవరూ చదివి వినిపించలేదా?"

ఆంబ్రోజ్ కంచంలోకి చూశాడు. చేప ముల్లొకటి జాగ్రత్తగా తీసి అంచున పెట్టాడు.

"వినిపించారు."

"ఎవరు? ఏజెంటా?"

బయట ఎవరిదో కుక్క మొరిగి ఊరుకుంది. ఆంబ్రోజ్ తల ఎత్తలేదు.

"నేను," అన్నాడు డొమినిక్.

అత్తగారు కప్పు కింద పెట్టింది.

"రాసిందీ నేనే, చదివి వినిపించిందీ నేనే. అన్నయ్యకి అక్షరాలు రావు. నేను బడి నుంచి వచ్చి అప్పటికి ఏడాది. పద్దెనిమిదేళ్ళు. ఊళ్ళో అందరికీ నేనే రాసిపెట్టేవాణ్ణి." అతని గొంతు బాగా తగ్గిపోయింది. "మూడో పేరా నాకు అర్థం కాలేదు. పెద్దపెద్ద మాటలు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. అర్థమైనట్టే చదివాను. ‘ఇదంతా మామూలేలే అన్నయ్యా’ అన్నాను. వేలిముద్ర పెట్టించాను."

"సరిగ్గా చదివినా పెట్టేవాణ్ణేమోరా," అన్నాడు ఆంబ్రోజ్.

"పెట్టేవాడివా?"

ఆంబ్రోజ్ చేతిలోని రొట్టె ముక్క కంచంలో పెట్టేశాడు. "తెలీదు. పాతికేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. నాకే తెలీదు."

అగాత్ అత్తగారి వైపు చూడకుండా ఉండలేకపోయింది. పదిహేడేళ్ళుగా ఆవిడ నోటి వెంట విన్నది ఒకటే: డెల్ఫీన్ పట్నం మోజుతో తన కొడుకుని లాక్కుపోయింది. ఆ మాట ఎన్నిసార్లు అన్నదో. డొమినిక్ ఈ బల్ల దగ్గరే కూర్చుని, తల వంచుకుని విన్నాడు. కాదని ఒక్కసారీ అనలేదు.

"డెల్ఫీన్‌కి తెలుసా?" అంది రోజలీ. రెండు రోజుల్లో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే.

"తెలుసమ్మా."

"తన గురించి నన్నలా అనుకోనిచ్చిందా?"

"‘తమ్ముడు ఆ ఇంట్లో ఉండాలి కదా, మనమెలాగూ వచ్చేశాం’ అంది."

డొమినిక్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. దాన్ని లేపి సరిగ్గా పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. వలల పాక తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడింది.

రోజలీ గోడకున్న శాలువ తీసి భుజాల మీద వేసుకుంది.

"ఆంబ్రోజ్, నీ బండిలో నాకు చోటుందా?"

"ఎక్కడికమ్మా?"

"డెల్ఫీన్ చచ్చిపోయి ఏడేళ్ళయింది. నేను రాలేదు. ఎక్కడ పెట్టారో చూపించు."

అగాత్ గబగబా రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చింది. ఆవిడ ఆ మూట అందుకుందే గాని కోడలి మొహంలోకి చూడలేదు. ట్రక్కు మలుపు తిరిగేదాకా అగాత్ గుమ్మంలో నిలబడింది. వలల పాకలోంచి ఎవరూ బయటికి రాలేదు.

ఆ రాత్రీ, ఆదివారమంతా భార్యాభర్తలు ఒకరినొకరు అడిగినవి మూడే ప్రశ్నలు. అమ్మ వచ్చిందా, పొయ్యిలోకి కట్టెలు ఉన్నాయా, నీలం చొక్కా ఆరిందా. ఉత్తరం ఊసు ఎవరూ ఎత్తలేదు.

---

సోమవారం ఏడున్నరకే హాల్డేన్ గారు పెట్టెతో వచ్చేశారు. రేకు పెట్టె, తాళం, సీలు. ఒక మూల దుప్పటి కట్టి దాని వెనక చిన్న బల్ల, బల్ల మీద నల్ల పెన్సిలు. గోడకి నలుగురు అభ్యర్థుల పేర్లు.

"పెన్సిలు దారంతో కట్టండి," అన్నారాయన. "కొట్లో ఏడాదికి నలభై పోతాయి నాకు."

పుస్తకంలో మొదటి పేరు అగాత్ తనదే రాసుకుంది. తెర వెనక ఆమెకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంతేనా అనిపించింది.

జాబితాలో తొంభై నాలుగు పేర్లు. మధ్యాహ్నం నాలుగింటికి వచ్చినవాళ్ళు పదకొండు మంది.

ఉక్క. తలుపుకి రాయి అడ్డం పెట్టారు. రోడ్డుకి అవతల, కంచె వెంట, గేబ్రియలూ మరో ఎనిమిదిమందీ నిలబడ్డారు. ఎవర్నీ ఆపడం లేదు. లోపలికి వెళ్ళేవాళ్ళని పేరుపెట్టి పలకరిస్తున్నారంతే. అదే చాలు, ఇద్దరు ముగ్గురు సగం దారిలో ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగారు. వాళ్ళ మధ్యలో డొమినిక్. నీలం చొక్కా. తలుపులోంచి అగాత్‌కి అతని భుజం ఒక్కటే కనపడుతోంది.

నాలుగున్నరకి పక్కింటి సెసీల్ విసురుగా వచ్చింది.

"ఏమే అగాత్, నీ మొగుడు నన్ను చూసి ‘సెసీల్ అక్కా, బాగున్నావా’ అన్నాడు. ‘పొద్దున్న బావి దగ్గర చూశావుగా, అప్పటికీ ఇప్పటికీ నాకేం రోగమొచ్చింది’ అన్నాను."

"పేరు చెప్పండి," అంది అగాత్.

"నా పేరు నీకు తెలీదుటే?"

"చెప్పాలి. అది పద్ధతి."

సెసీల్ పేరు చెప్పి, ఓటేసి, వెళ్ళకుండా బెంచీ మీద కూర్చుని విసురుకుంటోంది. అప్పుడే ట్రక్కు ఆగిన చప్పుడైంది. ఆంబ్రోజ్ దిగి తల్లికి చెయ్యి అందించాడు. రోజలీ శనివారం వేసుకెళ్ళిన బట్టల్లోనే ఉంది. తల మీద మాత్రం ఎవరిదో గోధుమరంగు టోపీ ఉంది, పక్కకి చిన్న ఈకతో. కొత్తది కాదు.

కంచె దగ్గరున్నవాళ్ళంతా అటు తిరిగారు.

ఆవిడ నెమ్మదిగా మెట్లెక్కి బల్ల ముందు నిలబడింది. ఆంబ్రోజ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అతని ఓటు మిల్లు ఊళ్ళో. పొద్దున్నే వేసి వచ్చాడు.

"పేరు చెప్పండి అత్తా," అంది అగాత్.

ఆవిడ చెప్పింది. అగాత్ జాబితా మీద వేలు పెట్టి కిందికి జరిపింది. నలభై ఒకటి డొమినిక్. నలభై రెండు తను. నలభై మూడు సెసీల్. మళ్ళీ పైనుంచి చూసింది.

"లేదు," అంది.

"లేకపోవడమేంటి?" అన్నారు హాల్డేన్ గారు కళ్ళజోడు సర్దుకుంటూ. "మీ ఇంటికి వచ్చారు కదా రాసుకోవడానికి?"

వచ్చారు. మగాళ్ళ పేర్లు ఏజెంటు పుస్తకంలోంచి ఎక్కించుకుని, ఇంట్లో ఇంకెవరున్నారని ఇంటింటికీ తిరిగి అడిగారు. ఇక్కడెవరూ లేరని తలుపులోనే చెప్పి పంపేశాడు డొమినిక్. అగాత్ మర్నాడు కూడలికి నడిచివెళ్ళి తన పేరు చేర్పించుకుంది. అత్తగారి పేరు కూడా చెప్పాలని ఆమెకి తోచనే లేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"దారి ఉంది," అన్నారు హాల్డేన్ గారు పద్ధతుల పుస్తకం తిరగేస్తూ. "ఇలాంటి పల్లెల్లో, జాబితాలో పేరున్న ఇక్కడివాళ్ళెవరైనా వచ్చి, ఈమె ఫలానా, ఇక్కడే ఉంటుంది, నాకు తెలుసు అని ప్రమాణం చెయ్యాలి. చేస్తే వెయ్యొచ్చు. మీరు వద్దు, మీరు నా బల్ల దగ్గర మనిషి. రేపు ఎవరైనా మాట అంటారు."

పేరు ఎందుకు లేదో, దానికి దారేమిటో అగాత్ అత్తగారికి వాళ్ళ భాషలో చెప్పింది. చెప్పడం పూర్తి కాకుండానే సెసీల్ లేచింది.

"నేను చేస్తాను. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను ఈవిణ్ణి. మా కోళ్ళని రాళ్ళతో కొట్టిందని కూడా చెప్తాను కావాలంటే."

"నువ్వు కూర్చో," అంది రోజలీ. "నువ్వు పక్కింటిదానివి. నాకు కొడుకున్నాడు."

ఆవిడ తిరిగి మెట్లు దిగింది. టోపీ ఒక చేత్తో పట్టుకుని రోడ్డు దాటింది. అగాత్ లేవకూడదు. పుస్తకం వదలకూడదు. తెరిచిన తలుపులోంచి మాటలు మాత్రం వినపడుతున్నాయి.

"లోపలికి రా. నేనెవరో చెప్పు."

"అమ్మా, నువ్వెవరో ఊరందరికీ తెలుసు."

"ఆ కాగితానికి తెలీదట. ఇంట్లో ఎవరూ లేరన్నావట కదా."

మళ్ళీ రోజలీ గొంతే వినపడింది.

"డెల్ఫీన్ నాలుగుసార్లు వేసిందట. ఈ టోపీ పెట్టుకుని. నేనొక్కసారి వేస్తాను."

"అమ్మా, నీకు తెలీదు. అది మోసం. ఒకసారి చూశాం కదా."

"చూశాం. అప్పుడు ఎవరు ఎవరికి చెప్పలేదో అది కూడా విన్నాను." ఆవిడ గొంతు పెంచలేదు. "అప్పుడు నోరు మూసుకున్నావు. ఇప్పుడు తెరువు."

గేబ్రియల్ ఏదో అన్నాడు. అందరూ నవ్వుతారనుకుని ఉంటాడు. ఎవరూ నవ్వలేదు.

నీలం చొక్కా కదిలింది. డొమినిక్ తల్లి వెనకాల రోడ్డు దాటి వచ్చాడు. గుమ్మంలో అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. ఆంబ్రోజ్ పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

"పేరు చెప్పండి," అంది అగాత్. పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

అతను చెప్పాడు. వృత్తి? చేపలు పట్టడం. హాల్డేన్ గారు ప్రమాణపత్రం అందుకుని చదవబోయారు.

"ఇలా ఇవ్వండి," అన్నాడు డొమినిక్. "నేను చదువుకుంటాను."

నిలబడే చదివాడు. పెదవులు కదులుతున్నాయి. ఒకచోట ఆగి వేలు పెట్టాడు.

"ఈ మాటకి అర్థం ఏంటి?"

హాల్డేన్ గారు వంగి చూశారు. "ఇదా… ‘నిజంగా’ అనుకోవచ్చు."

"అనుకోవచ్చంటే కుదరదండీ. నాకు తెలియాలి."

ఆయన విసుక్కోలేదు. పద్ధతుల పుస్తకం చివరిదాకా వెతికి, అక్కడా లేకపోతే కారు దగ్గరికి వెళ్ళి పాత నిఘంటువు ఒకటి తెచ్చారు. కొట్లో పదకేళి ఆడుకోవడానికి పెట్టుకున్నదట. ‘స్వయంగా, తన సొంత ఎరుకతో’ అని ఉంది. డొమినిక్ తల ఊపాడు. బైబిలు మీద చెయ్యి పెట్టాడు.

"ఈమె రోజలీ. మా అమ్మ. ఈ రిజర్వులో పుట్టింది, ఇక్కడే ఉంటుంది. నాకు స్వయంగా తెలుసు."

"నీకు ఈ మధ్యనే తెలిసినట్టుంది," అంది సెసీల్ బెంచీ మీదనుంచి. హాల్డేన్ గారు గొంతు సవరించుకుని, ఓటేశాక ఇక్కడ కూర్చోకూడదని ఆమెని మర్యాదగా పంపేశారు.

రోజలీ కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆ పేర్లలో ఏది ఎవరిదో ఆంబ్రోజ్ దారిలో చెప్పి ఉంటాడా? చెప్పినా అతనికీ చదవడం రాదు కదా. అడిగి చదివించుకునే హక్కు ఆవిడకుందని అగాత్ చెప్పబోయింది. అప్పటికే ఆవిడ బయటికి వచ్చేసింది. మడిచిన కాగితం పెట్టెలో పడింది. ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగింది.

డొమినిక్ ఇంకా అక్కడే నిలబడ్డాడు.

"మీ పేరు కూడా ఉంది," అన్నారు హాల్డేన్ గారు. "నలభై ఒకటి. కాగితం ఇమ్మంటారా?"

బయటినుంచి గేబ్రియల్ గట్టిగా పిలిచాడు. "డొమినిక్! అయిందా నీ పని?"

అతను గుమ్మం దాకా నడిచాడు. రోడ్డు వైపు చూశాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఒక మాట అడగాలి. కాగితం తీసుకుని, మీద ఏమీ గియ్యకుండా మడిచి వేస్తే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. లెక్కలోకి రాదు. ఎవరిదో ఎవరికీ తెలీదు."

"మా ఆవిడకి కూడానా?"

"ఆవిడకి కూడా."

అగాత్ అప్పుడు తల ఎత్తింది. అతను ఆమెనే చూస్తున్నాడు. శనివారం తర్వాత ఇద్దరూ కళ్ళలోకి చూసుకోవడం అదే మొదటిసారి. ఈ బల్ల దగ్గర ఆమె ఏమీ అనకూడదు.

"ఇవ్వండి," అన్నాడు.

తెర వెనక అతని బూట్లు కనపడుతున్నాయి. కదలలేదు. పెన్సిలు చప్పుడు వినపడిందా లేదా? ఈగల రొదలో తెలియలేదు. వచ్చి, కాగితం పెట్టెలో వేసి, టోపీ పెట్టుకుని వెళ్ళాడు. కంచె దగ్గరికి పోలేదు. ఇంటికీ పోలేదు. సరస్సు వైపు నడిచాడు.

అతని పేరుకి ఎదురుగా ‘ఓటు వేశారు’ అని రాసింది అగాత్. అక్షరాలు కొంచెం వంకరపోయాయి.

ఆ తర్వాత గంటలో ఇంకో అయిదుగురు ఆడవాళ్ళు వచ్చారు. కంచె దగ్గర జనం పలచబడ్డారు. గేబ్రియల్ చివరిదాకా ఉన్నాడు, ఒక్కడే, నవ్వకుండా.

ఏడింటికి హాల్డేన్ గారు తలుపు వేసి, సీలు తీసి, పెట్టె బల్ల మీద బోర్లించారు. ఇంకా వెలుగు పోలేదు. ఆయన ఒక్కో కాగితం విప్పి చూపించి పేరు చెప్తున్నారు, అగాత్ గీత పెడుతోంది. మొత్తం పంతొమ్మిది. పదిహేను అయ్యాయి, పదహారు, పదిహేడు.

పద్దెనిమిదో కాగితం విప్పి ఆయన ఆగారు. వెనక్కి తిప్పి చూశారు. వెలుగుకి పట్టి చూశారు.

"ఏమీ గియ్యలేదు," అన్నారు.

పక్కన పెట్టి పంతొమ్మిదోది తీశారు. అందులో గుర్తు ఉంది. పెన్సిలు బాగా నొక్కి గీసిన గుర్తు. కాగితం చిరిగేంత నొక్కారు.

ఖాళీది మొగుడిదా, అత్తగారిదా అనుకుంటూ అగాత్ ఆ రెండు కాగితాల వంకా చూస్తూ ఉండిపోయింది. బయట ట్రక్కు దగ్గర తల్లీ పెద్దకొడుకూ ఏదో మాట్లాడుకుంటున్నారు. మాటలు అర్థం కావడం లేదు. సరస్సు వైపు నుంచి ఎవరో నడిచి వస్తున్న అడుగులు వినపడి, ట్రక్కు దగ్గర ఆగాయి. మాటలు కూడా ఆగాయి.

"రాశారా?" అన్నారు హాల్డేన్ గారు.

‘ఖాళీవి’ అన్న గడిలో ఆమె ఒకటి వేసింది.